కట్టంగూరు బదులు కల్వకుర్తి

ఈ మధ్య మా బస్టాండులో ఇద్దరు ఆడపిల్లలు ఆయాలుగా చేరారు. అందులో ఒకామె మా ఇంటికి వచ్చి, "అవ్వా, గా కొలువుల ఏం చెయ్యాలె?" అని అడిగింది. నోటితో చెప్పబోతే ఒకటి చెప్పి ఇంకొకటి మరిచిపోతున్నాను. అందుకని రాస్తున్నాను. ముప్పై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని. ఎక్కడైనా తప్పు రాస్తే సర్దుకుని చదవండి.

నీళ్ళు కాదు, బోర్డు

నల్లగొండ బస్టాండులో ఆడవాళ్ళ గది చూసుకునే కొలువు నాది. పొద్దున గది ఊడ్చాలి, కుండలు నింపాలి, అడిగినవాళ్ళ దోసిట్లో నీళ్ళు పోయాలి. పసిపిల్లల తల్లులు వస్తే మూలకు దుప్పటి కట్టాలి. మూటలకు కాపలా ఉండాలి. ఇవన్నీ రెండు రోజుల్లో వచ్చేస్తాయి.

అసలు పని బోర్డు దగ్గర. గదిలోకి వచ్చే పదిమందిలో తొమ్మిదిమందికి చదువు రాదు. బయట మగవాళ్ళను అడగాలంటే మొహమాటం. నన్ను అడిగేవాళ్ళు. నాకూ చదువు రాదని వాళ్ళకు తెలియదు.

నేను చేరినప్పుడు బస్సుల నుదుటి మీద రేకు బోర్డులు ఉర్దూలో ఉండేవి. నేను వాటిని ముగ్గులు గుర్తు పెట్టుకున్నట్టు గుర్తు పెట్టుకున్నాను. మొదట్లోనే కింద రెండు చుక్కలుంటే దేవరకొండ. అట్లా ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క గుర్తు. అయిదేళ్ళలో ఒక్క తప్పు చెయ్యలేదు.

ఆ గదిలో కూర్చునే ఆడవాళ్ళను చూడగా చూడగా నాకు కొన్ని సంగతులు తెలిశాయి. మధ్యాహ్నం బస్సుకు పొద్దున్నే వచ్చి కూర్చునేవాళ్ళు. బస్సు ఆలస్యమైతే మగవాళ్ళు బయట తిట్టుకుంటూ తిరిగేవాళ్ళు. మా గదిలో ఎవరూ తిట్టేవాళ్ళు కాదు. "ఇంకా రాలే గద?" అని అడిగి, రాలేదంటే మళ్ళీ నెమ్మదిగా కూర్చునేవాళ్ళు. ఇంటి గడప దాటినప్పటి నుంచి దిగే ఊరి దాకా వాళ్ళకు ఏ పనీ లేదు. ఒడిలో చేతులు ఊరికే ఉండేవి. ఆ చేతులను అట్లా చూడటం నాకు ఇష్టంగా ఉండేది. కొత్తగా చేరినవాళ్ళకు ముందుగా చెప్పేది ఇదే. వాళ్ళను తొందరపెట్టకండి.

ఇంకొక సంగతి. "ఏ ఊరికి?" అని అడిగితే ఊరి పేరు కంటే ముందు పని చెప్పేవాళ్ళు. "మా బిడ్డ కాన్పు ఉన్నది, మోత్కూరు." "మా మేనత్త పోయింది, నకిరేకల్." "మొక్కు చెల్లియ్యాలె, నర్సింహస్వామి గుట్టకు." నేను అడగకపోయినా చెప్పేవాళ్ళు. పని లేకుండా ఊరు దాటిన ఆడమనిషిని నేను ఆ గదిలో చాలా ఏళ్ళు చూడలేదు.

కంట్రోలర్ సాబ్

మా మీద అధికారి కంట్రోలర్ సాబ్. పాన్ నములుతూ, ఈల మెడలో వేసుకుని ఉండేవాడు. బాగా అరిచేవాడు. కానీ నా కుండలో నీళ్ళే తాగేవాడు. మా గది గుమ్మం దగ్గర నిలబడి బీడీ తాగే డ్రైవర్లను తరిమేవాడు. ఎప్పుడూ మంచి మనిషే. తనకు తెలియనిది తెలియదని ఒప్పుకోకపోవడం ఒక్కటే ఆయనలో లోపం.

ఉర్దూ సర్కారు పోయి తెలుగువాళ్ళందరికీ ఒకే రాష్ట్రం వచ్చింది. బోర్డులు తెలుగులోకి మారాయి. పెయింటర్ పెంటయ్య వారం రోజులు షెడ్డు వెనుక కూర్చుని ఒక్కొక్క రేకునూ గీకి మళ్ళీ రాశాడు. నా చుక్కలూ వంపులూ అన్నీ ఆ గీకుడులో పోయాయి. పోయింది నా ఒక్కదానికే అనుకున్నాను. సాబ్ చదువంతా ఉర్దూలో అయిందని, ఆయనకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదని తర్వాత తెలిసింది. బస్సు వచ్చి ఆగగానే ఆయన డ్రైవరును నిలబెట్టి, "చెప్పు, ఏ బండి ఇది?" అని పరీక్ష పెట్టినట్టు అడిగేవాడు. డ్రైవర్లు భయపడి చెప్పేవాళ్ళు.

నేను మాత్రం మళ్ళీ ముగ్గులు గుర్తు పెట్టుకోవడం మొదలుపెట్టాను. కట్టంగూర్ అంటే ముందు తలకట్టున్న అక్షరం, రెండో దాని కింద ఏదో వేలాడుతూ ఉంటుంది. అంతే చూసుకున్నాను.

వేలాడే అక్షరం

అండాలక్క నల్లగొండకు దగ్గరలో ఒక మగ్గాల ఊరి మనిషి. నలభై దగ్గర ఉంటుంది. వేళ్ళకు నూలు రంగు పట్టి ఉండేది. ఆమె పెనిమిటి మగ్గం నేసేవాడు, ఆమె దానికి నూలు కండెలు చుట్టేది. ఆ రోజు మూట పట్టుకుని వచ్చి, "అక్క మనుమడి తొట్టెల పండుగ ఉన్నది చెల్లె, కట్టంగూరు. జర సరైన బస్సు చూపెట్టు" అంది.

కాసేపటికి ఒక బస్సు వచ్చి ఆగింది. తలకట్టున్న అక్షరం, దాని పక్కన వేలాడేది. "గదే అక్కా, ఎక్కు" అన్నాను. మూట కూడా నేనే అందించాను.

బస్సు పోయింది. నేను కుండలు కడిగి నింపుతుంటే ఇంకొక బస్సు వచ్చింది. దాని కండక్టర్ దిగుతూనే "కట్టంగూర్, కట్టంగూర్" అని అరిచాడు. చెంబు చేతిలో పట్టుకునే బయటికి పరుగెత్తాను. పెంటయ్య షెడ్డు దగ్గర ఉన్నాడు.

"అన్నా, ఇందాక పోయిన బస్సు ఏ ఊరిది?"

"కల్వకుర్తి. ఎందుకే?"

రెండు పేర్లలోనూ రెండో అక్షరం కింద ఒత్తు ఉంటుంది. కట్టంగూరులో నడుమ సున్నా ఉంటుందని, కల్వకుర్తి చివర ఇంకో ఒత్తు ఉంటుందని అప్పుడు పెంటయ్య చూపించాడు. నేను మొదటి ఒత్తు దగ్గరే ఆగిపోయాను. కట్టంగూరు నకిరేకల్ రోడ్డు మీద దగ్గరి ఊరు. కల్వకుర్తి దేవరకొండ దాటి, పాలమూరు జిల్లాలో ఎక్కడో. గుట్టకు తప్ప ఆమె నకిరేకల్ దాటి ఎప్పుడూ పోలేదని బస్సు ఎక్కే ముందే నాతో చెప్పింది.

సాబ్ దేవరకొండ పోయే తర్వాతి డ్రైవరుతో ఖబర్ పంపాడు. ఇంకేమీ చెయ్యలేకపోయాం. మరునాడు పొద్దున్నే ఆమె పెనిమిటి వచ్చాడు. కట్టంగూరు నుంచి మనిషి వచ్చి, తొట్టెలకు ఎందుకు రాలేదని అడిగిపోయాడట. నేను నిజం చెప్పాను. ఆయన నన్ను తిట్టిన తిట్లు నేనిక్కడ రాయను. న్యాయమైన తిట్లే.

మధ్యాహ్నం కల్వకుర్తి బస్సులో అండాలక్క దిగింది. ఏడుస్తూ దిగుతుందని అనుకున్నాను. ఏడవలేదు. పెనిమిటి "ఏమైనవే? ఏడ పడుకున్నవే?" అని మీదికి వస్తుంటే, "బస్టాండుల రొట్టెలు అమ్మేటామె ఇంటికి తీస్కపోయింది. మంచిగనే ఉన్న" అని మాత్రం అంది. నా వైపు చూడలేదు. కోపమేమో అనుకున్నాను.

వాళ్ళు పోయాక సాబ్ నన్ను పిలిచాడు.

"ఎల్లమ్మ, ఆడమనిషిని జంగల్‌లోకి పంపినట్టు పంపినవ్. ఇంకొక్కసారి గిట్లయితే కొలువు ఉండదు. నేను సిఫారసు చెయ్య."

"సరే సాబ్."

మా అమ్మా నేనూ ఆ కొలువు మీదనే బతుకుతున్నాం. ఆ మాట ఆయనకు తెలుసు. అందుకే గట్టిగా అన్నాడు.

తలుపు వేసి చదువు

మూడో రోజు సాబ్ తన గదికి పెంటయ్యను, నన్ను పిలిచి తలుపు వేశాడు. "పెంటయ్యా, ఈమెకు అక్షరాలు చెప్పు. సరిగ్గ చెప్తున్నవో లేదో నేను చూస్త" అన్నాడు.

పెంటయ్య పాత రేకు మీద సుద్దతో రాశాడు. నేను నేల మీద కూర్చుని దిద్దాను. సాబ్ కుర్చీలో కూర్చుని, నాకు చెప్పినదల్లా తన కాగితం మీద రాసుకున్నాడు. రెండో వారంలో పెంటయ్య నవ్వు ఆపుకోలేక, "సాబ్, మీ 'ల' తలకిందులైంది" అన్నాడు. సాబ్ కాసేపు కోపంగా చూశాడు. తర్వాత కాగితం ముందుకు జరిపి, "అయితే సరిగ్గ రాసి చూపెట్టు" అన్నాడు. ఆ రోజు నుంచి దాచుకోవడం మానేశాడు. నేను చూసిన అధికారులందరిలో ఆయన మీద గౌరవం మిగలడానికి కారణం ఆ కాగితమే.

అందరూ అకారంతో మొదలుపెడతారు. నేను కకారంతో, దాని పక్క ఒత్తుతో మొదలుపెట్టాను. తప్పు చేసిన చోటి నుంచి నేర్చుకుంటే అక్షరం మరిచిపోము. చలికాలం పోయేసరికి బోర్డులన్నీ చదవగలిగాను. ఒక పొద్దున బస్సులన్నీ వరుసగా నిలబడి ఉంటే ఒక్కొక్కటీ పైకి చదువుతూ పోయాను. సాబ్ నా వెనుకనే నడుస్తూ చదివాడు. ఒక్క చోట ఆయన నాకంటే ముందు చదివి సంతోషపడ్డాడు.

ఇంకో తప్పు

ఎండలు ముదిరాక అండాలక్క మళ్ళీ వచ్చింది. మూట చిన్నది. నీళ్ళు తాగి, నా పక్కన కూర్చుని, గదిలో ఇద్దరు ముగ్గురు లేచి పోయేదాకా ఊరికే ఉంది.

"చెల్లె, ఇంకోసారి తప్పు బస్సు ఎక్కియ్యి."

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. ఆమె మళ్ళీ అంది.

"ఏందక్కా గా మాట?"

"మల్ల కట్టంగూరుకే పోతున్ననని చెప్పి వచ్చిన. నువ్వు ఏదన్న ఎక్కియ్యి. తప్పు నీదే అంటరు. నాకు ఫికర్ ఉండది."

"నాకుంటది. సాబ్ కొలువు తీస్తనన్నడు."

ఆమె తల దించుకుంది. తర్వాత నిజం చెప్పింది. ఆ రోజు బస్సు ఊరు దాటగానే కండక్టర్ టికెట్ కొట్టడానికి వచ్చాడట. కట్టంగూరు అనగానే, "అవ్వో, ఇది కల్వకుర్తి బండి. ఆపుతా, దిగు. ఇంకా ఎక్కువ దూరం రాలే" అన్నాడట.

"దిగుతనందామని నోరు తెరిసిన. కిటికీల నుంచి గాలొస్తున్నది. అటు చూసిన. కల్వకుర్తిదాకనే కొట్టు బిడ్డా అన్న."

నాకు కోపం వచ్చింది. ఎన్ని నెలలు ఆ తప్పు మోశాను. ఆమె రోడ్డు మీద ఏడుస్తూ నిలబడినట్టు ఎన్నిసార్లు అనుకున్నాను.

"నీ పెనిమిటి పొద్దున వచ్చి నన్ను తిట్టిండక్కా. బస్సు దిగినాక నువ్వన్న ఒక్క మాట అనకపోతివి."

"ఏమని చెప్పాలె? తొట్టెల ఇడిసిపెట్టి తిరగనీకి పోయిననంటె ఇంట్ల ఉండనిస్తరా? తప్పయి పోతేనే పోయినట్టు. కావాలని పోతే ఎవరొప్పుకుంటరు?"

కోపం ఉంది కానీ, ఆమె చెప్పింది అబద్ధం కాదు. అయినా ఏం చూశావని అడిగాను. డిండి చెరువు దగ్గర నీళ్ళు చూసిందట, అన్ని నీళ్ళు ఒక్కచోట ఎప్పుడూ చూడలేదట. ఆముదం చేన్లు చూసిందట. కల్వకుర్తిలో రొట్టెలామె ఇంట్లో రొట్టె వేరే తీరుగా తడుతుందట, చేతుల్లో కాదు, గుడ్డ మీద. "మనం నేసిన చీరెలు ఏడేడనో పోతయి చెల్లె. కండెలు చుట్టిన నేను మాత్రం పీట మీద నుంచి లేవలే" అంది.

"ఇప్పుడు నాకు అక్షరాలొచ్చినయ్ అక్కా. కావాలని తప్పు ఎక్కియ్యలేను. రాకముందు చేస్తే తప్పు. వచ్చినాక చేస్తే అబద్ధం."

ఆమె ముఖం వాడిపోయింది. నేను ఇంకో దారి చెప్పాను. "గుట్టకు మొక్కు ఉన్నదని చెప్పు. ఎవ్వరు కాదనరు."

"గుట్టకు మూడుసార్లు పోయిన. అత్త కోసం ఒకసారి, కొడుకు కోసం రెండుసార్లు. నర్సింహస్వామికి అబద్ధం చెప్పి తిరగాల్నా?"

పొడుగు పేరు

ఏం చెయ్యాలో తోచక ఆమెను బయటికి తీసుకుపోయాను. బస్సులు వరుసగా ఉన్నాయి. "చదువుతా, విను" అని ఒక్కొక్క బోర్డూ చదివాను. సూర్యాపేట. మిర్యాలగూడ. భువనగిరి. ఆమె నడుస్తూ చివరి బస్సు దగ్గర ఆగింది.

"గిదేంది, గింత పొడుగుంది?"

"మహబూబ్‌నగర్."

"గింత పొడుగు పేరున్న ఊరు ఎట్లుంటదో. పెద్దదే ఉంటది."

"అక్కా, గది పాలమూరే."

ఆమె నా ముఖం చూసి నవ్వింది. నేనూ నవ్వాను. నాకు కూడా చదవడం వచ్చాకనే తెలిసింది, నోటి పేరు ఒకటి, బోర్డు పేరు ఒకటి అని. కొత్తగా చేరినవాళ్ళు ఇది గుర్తు పెట్టుకోవాలి. పాలమూరు బస్సు ఎక్కడని అడిగితే, బోర్డు మీద పాలమూరు అని ఉండదు.

"పాలమూరంటే, బాయిలు తవ్వనీకి వస్తరు, గా కూలోళ్ళ ఊరా?"

"గా జిల్లానే."

"మా ఊరి బాయి వాళ్ళే తవ్విండ్రు. కట్టలు పోసిండ్రు. ఏటేట వస్తరు." ఆమె బోర్డు వైపే చూస్తూ ఉంది. "వాళ్ళందరు మన ఊరికి వస్తరు. మనలకెల్లి ఒక్కరు వాళ్ళ ఊరికి పోలే. గిదే పోత చెల్లె."

"ఇంట్ల ఏమని చెప్తవు?"

"గిదే చెప్త."

ఆ రోజు ఆమె ఏ బస్సూ ఎక్కలేదు. మూట పట్టుకుని ఇంటికి పోయింది. పెనిమిటి ఒప్పుకోడని, ఇక రాదని అనుకున్నాను. పదిహేను రోజుల దాకా రాలేదు. కట్టంగూరు పేరు వినపడితే తల ఎత్తి చూసేదాన్ని.

ఒక పొద్దున ఇద్దరూ వచ్చారు. పెనిమిటి ముందు, ఆమె వెనుక. ఆయన నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"ఎల్లమ్మా, పాలమూరుల ఈమెకు ఏం పని ఉన్నదో నువ్వన్న చెప్పు. నన్ను పదిహేను దినాల నుంచి సతాయిస్తున్నది."

సాబ్ కొంచెం దూరంలో నిలబడి వింటున్నాడు. ఒక కాన్పు, ఒక చావు, ఏదో ఒకటి నా నాలుక చివరకు వచ్చింది. చెప్తే ఆయన నమ్మేవాడు. నేను అండాలక్క వైపు చూశాను.

"పనేం లేదు" అంది అండాలక్క. గదిలో ఉన్న ఆడవాళ్ళందరూ ఆమె వైపు తిరిగారు. "ఊకెనే పోతున్న. చూసొస్త."

"ఊకెనే అంటె? కండెలెవరు చుట్టాలె?"

"నాలుగు దినాలకు సరిపోను చుట్టి మగ్గం కింద పెట్టిన. లెక్క నువ్వే చూసుకో."

చుట్టిన సంగతి ఆయనకు తెలియదని ముఖం చూస్తే అర్థమైంది. సాబ్ ఏమీ ఎరగనట్టు పాన్ ఉమ్మి వచ్చి, "నడువుండ్రి, బండి టైమైంది" అన్నాడు. ఎవరికి చెప్పాడో తెలియదు, ఇద్దరూ కదిలారు.

బస్సు దగ్గర పెనిమిటి నన్ను నిలబెట్టాడు. "జర సదువు. పోయినసారి తీరుగ కావద్దు."

నేను అక్షరం అక్షరం పైకి చదివాను. సాబ్ కూడా చదివి, "బరాబర్" అన్నాడు. అండాలక్క ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలాక ఆమె పెనిమిటి పోకుండా అక్కడే నిలబడ్డాడు.

"దేవరకొండ తర్వాత ఏ ఊరొస్తది?"

"కల్వకుర్తి."

"గా తర్వాత?"

"జడ్చర్ల."

ఊళ్ళ పేర్లు లోపల అనుకుంటున్నట్టు పెదవులు కదిలించుకుంటూ పోయాడు.

ఎవరి చుట్టం

నాలుగో రోజు సాయంత్రం బస్సులో ఆమె వచ్చింది. కాళ్ళకు ఎర్రమట్టి. నీళ్ళు తాగి, అడగకముందే చెప్పడం మొదలుపెట్టింది.

పాలమూరు పట్నం ఒక పూట తిరిగి చూసిందట. బాగానే ఉందట. వెనక్కి వద్దామని బస్టాండుకు వస్తే, తట్టలూ పారలూ పెట్టుకుని పనుల నుంచి ఇంటికి పోతున్న కూలోళ్ళ ఆడమనిషి ఒకామె కలిసింది. మీది ఏ ఊరు, ఎవరింటికి వచ్చినవు అని అడిగితే, ఎవరింటికీ కాదు, మీ దిక్కు ఎట్లుంటదో చూద్దామని వచ్చిన అందట.

"గామె నన్ను కిందికెల్లి మీదికి చూసి, 'మాకు ఊరిడిసి పోవద్దని ఉంటది, నీకు పోవాలని ఉన్నదా?' అని నవ్వింది చెల్లె. నవ్వి, నా మూట అందుకున్నది. జడ్చర్ల దగ్గర వాళ్ళ ఊరికి తీస్కపోయింది."

ఊళ్ళో అందరూ అడిగారట, ఎవరి తాలూకు చుట్టమని. ఎవరి తాలూకూ కాదంటే నమ్మలేదట. ఒక ముసలామె మంచం బయట వేసి కూర్చోబెట్టి, "మా ఊరికి మేస్త్రి వస్తడు మమ్ముల పనులకు తోల్కపోనీకి. పట్వారి వస్తడు శిస్తుకు. చూడనీకి వచ్చింది నువ్వే" అందట.

"సగం ఇండ్లకు తాళాలున్నయి. పనుల మీద పోయిండ్రు. ముసలామె నన్ను ఒక్కొక్క ఇంటి ముందట నిలబెట్టింది. గిది ఫలానోళ్ళది, లోపల గోడకు నెమలి గీసుకున్నరు. గిది ఫలానోళ్ళది, లోపల రోలు గింత పెద్దదున్నది. తలుపులు తెరవకుండనే ఊరంత చూపెట్టింది. రెండు దినాలు తిప్పింది."

నేను చెంబు పట్టుకుని నిలబడే వింటున్నాను. గదిలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కూడా వింటున్నారు. వాళ్ళ బస్సు వచ్చి నిలబడింది, ఇద్దరూ లేవలేదు.

పోవాలనే కోరిక కొత్తది చూడటానికని నేను అన్నాళ్ళూ అనుకున్నాను. అది సగమే. చూడటానికి ఎవరూ రాని చోట్లు కూడా ఉంటాయని, ఒక మనిషి ఏ పనీ లేకుండా వచ్చి నిలబడితే ఆ ఊరు ఇంత సంబరపడుతుందని అప్పుడు తెలిసింది.

"వచ్చేటప్పుడు ఏమన్నరక్కా?" అని అడిగాను.

అండాలక్క కాళ్ళ మట్టి దులుపుకోకుండానే లేచి మూట చంకన పెట్టుకుంది.

"పని మీద రమ్మనేటోళ్ళు నాకు మస్తు మంది ఉన్నరు చెల్లె. ఊకె రమ్మన్నది వీళ్ళే."